గోడ మీద చేతిజాడ

జగన్నాథరావు గారు పోయి ఎనిమిది రోజులైంది. ఆషాఢపు ముసురు పట్టి వదలడం లేదు. పెరటి వసారాలో ఒక మూల చాప మీద కూర్చుని, ఊరికే ఉండలేక, ఆయన భార్య చిన్నమ్మాయి చింతపండులో గింజలు ఏరుతోంది. కోడలు రాజరత్నం రోటి దగ్గర పప్పు రుబ్బుతోంది. పదో రోజు భోజనాలకి ఎన్ని విస్తళ్ళు కుట్టించాలో కొడుకు చంద్రరావు వీధి అరుగు మీద నిలబడి ఎవరికో చెబుతున్నాడు. ఇంటి పెద్ద వెళ్ళిపోయినా రోలు తిరుగుతూనే ఉంది, పొయ్యి వెలుగుతూనే ఉంది.

"అత్తయ్యగారూ, కాస్త జావైనా తాగండి. నిన్నటినుంచీ ఏమీ ముట్టలేదు మీరు," అంది రాజరత్నం.

"తాగుతాలే అమ్మా. అక్కడ పెట్టు."

మొగుడు పోయిన మనిషి ఎనిమిది రోజులుగా ఒక్క బొట్టు కన్నీరు రాల్చలేదని పరామర్శకు వచ్చినవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. ఆ మాట ఆమె చెవినా పడింది. ఏమని చెబుతుంది? పోయేనాటికి ఎనిమిది నెలలుగా ఆయనతో తనకు మాటల్లేవు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఏడవాలో ఆమెకు తెలియలేదు.

జగన్నాథరావు గారిని నాలుగు గోడల మధ్య పట్టి ఉంచడం ఎవరి తరమూ కాలేదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కడుతున్నప్పుడు ఆయన పదేళ్ళ పిల్లవాడు. తండ్రి రాతిబళ్ళు తోలిస్తుంటే ఆ బళ్ళ వెంట తిరుగుతూ పెరిగారు. పద్దెనిమిదో ఏట కాలవ పనిలో చేరి, ఓవర్సీరై, ముప్పై ఏడేళ్ళు గట్ల మీదే బతికారు. పింఛను పుచ్చుకుని కోటిపల్లికి దిగువనున్న సొంతూరు చేరాకనైనా ఇంటిపట్టున ఉంటారని చిన్నమ్మాయి అనుకుంది. ఉంటేనా! తెల్లవారకముందే లేచి, తాను వేయించిన గట్టు మీదుగానే రేవుకి నడిచేవారు. పల్లెకారు బుల్లియ్య పడవ ఎక్కి లంకల వెంట తిరిగి, బాగా పొద్దెక్కాక బురదకాళ్ళతో ఇల్లు చేరేవారు. అన్నం దగ్గర కూర్చుంటే అవే కబుర్లు.

"ఇవాళ పరజ బాతులు దిగాయే చిన్నమ్మాయీ! వేలకి వేలు. నీళ్ళ మీద దుప్పటి పరిచినట్టున్నాయనుకో."

"పరజలు కూడు వండుతాయేంటండి? ఇక్కడ బియ్యం బస్తా దింపించే మనిషి లేడు," అని ఆమె విసుక్కునేది. విసుక్కుంటూనే ఆ కబురు చివరిదాకా వినేది.

మూడేళ్ళ కిందట ఆయన తీరు మారింది. కబుర్లు తగ్గాయి. నెలకి రెండు మూడుసార్లు బుల్లియ్య పడవలో యానాం వెళ్ళి రావడం మొదలైంది. యానాం ఫ్రెంచివాళ్ళ ఊరు, అక్కడ సారా చవక. ఈ ఒడ్డువాళ్ళు పడవ కట్టుకుని యానాం ఎందుకు వెళతారో ఎవరినీ అడగనక్కరలేదు. దానికి తోడు ఆయన చెంబులు తన్నేయడం, గడప దగ్గర తూలడం, ఎదురుపడిన మనిషిని పలకరించకుండా పోవడం. ఊరు అర్థం చేసుకుంది. ఆయన నిద్రపోతున్నప్పుడు చిన్నమ్మాయి ఒకసారి నోటి దగ్గర వాసన చూసింది. ఏ వాసనా లేదు. ఏలకులు నములుతున్నారు కాబోలు, తెలివైన మనిషి కదా, అనుకుంది.

కిందటి కార్తీక పున్నమి నాడు ఆ అనుమానం కాస్తా రుజువైంది. వేకువన ఆడవాళ్ళంతా రేవు మెట్ల మీద దీపాలు వెలిగించి పెట్టుకున్నారు. జగన్నాథరావు గారు పైనుంచి తిన్నగా ఆ దీపాల వరసలోకే నడిచి వచ్చారు. ప్రమిదలు కాళ్ళకింద పడి నలిగాయి. ఒక ముసలావిడ చీర కుచ్చెళ్ళు అంటుకుంటే నలుగురూ నీళ్ళు పోసి ఆర్పారు. చంద్రరావు పరిగెత్తుకొచ్చి తండ్రి జబ్బ పట్టుకుని పక్కకు ఈడ్చాడు.

"తాగితే ఇంట్లో పడి ఉండాలి! పండగపూట ఆడవాళ్ళ మధ్యకొచ్చి తూలుతారా? మీ కడుపున పుట్టినందుకు నేను తలెత్తుకోలేకుండా ఉన్నాను!"

ఊరంతా వింది. ఆయన కాసేపు కొడుకు గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి నిలబడ్డారు.

"తప్పయిందిరా చంద్రం. తాగాను," అన్నారు.

ఆ పూటతో చిన్నమ్మాయి నోరు కట్టేసుకుంది. వడ్డించేది, నీళ్ళు తోడి పెట్టేది, పక్క వేసేది, మాట మాత్రం లేదు. ఆయన పీట మీద కూర్చుని, "చిన్నమ్మాయీ, ఉన్నావా?" అనేవారు. రెండు బారల దూరంలో గరిటె పట్టుకుని నిలబడి ఉండేది ఆమె. ఎదురుగా ఉన్న మనిషిని పట్టుకుని ఉన్నావా అని అడగడం వెటకారం కాక మరేమిటని ఒళ్ళు మండేది. జవాబు చెప్పేది కాదు. ఆయన ఇంకాసేపు చూసి, తల వంచుకుని తినేవారు.

ఆషాఢంలో గోదారికి ఎర్రనీరు, అదే కొత్త వరద, దిగిన మూడో నాడు బుల్లియ్య ఆయన్ని పడవలో పడుకోబెట్టి తెచ్చాడు. లంక పక్కన కూర్చుని ఉండగానే గుండె ఆగిపోయిందన్నాడు. చంద్రరావు నమ్మలేదు. మా నాన్నకి సారా అలవాటు చేసి చంపింది వీడేనని మునసబు భీమరాజు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన మనుషుల్ని పంపించి బుల్లియ్య పడవని రేవులో గొలుసు వేసి కట్టించారు. పులస చేపలు ఏటికి ఎదురెక్కే రోజులు. ఏడాదికి సరిపడా సంపాదన ఆ నెలన్నరలోనే. అటువంటిది, ఎనిమిది రోజులుగా ఆ పడవ కదల్లేదు.

చింతపండు ఏరడం అవుతుండగా వీధిలో చంద్రరావు గొంతు పెద్దదైంది.

"ఎవడు రమ్మన్నాడురా నిన్ను? గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతాను!"

చిన్నమ్మాయి లేచి తలుపు చాటుకి వెళ్ళింది. అరుగు కింద వానలో బుల్లియ్య నిలబడి ఉన్నాడు. పక్కన అతని భార్య మరిడమ్మ. బుల్లియ్య చేతిలో జగన్నాథరావు గారి వెదురు కర్ర ఉంది.

"అయ్యగారి కర్రండి. పడవలో ఉండిపోయింది. ఇచ్చిపోదామనొచ్చానండి."

"కర్ర ఇవ్వడానికా, పడవ విడిపించుకోవడానికా?"

"పడవ సంగతి మీ దయండి. పదో రోజున రేవులో ఓ పక్కన నిలబడనివ్వండి బాబూ, అది చాలండి."

"నిలబడి ఏం చేస్తావు? ఇంకెవరికి పోయిస్తావు? మూడేళ్ళు యానాం తిప్పి తిప్పి ఆయన్ని మాకు కాకుండా చేశావు. చెప్పు, యానాంలో ఏ కొట్టుకి తీసుకెళ్ళేవాడివి?"

బుల్లియ్య తల వంచుకున్నాడు. వాన అతని వీపు మీంచి కారుతోంది.

"చూశావా? నోరు పెగలదు."

"చెప్పు మావా," అంది మరిడమ్మ. "పిల్లలు మూడ్రోజులుగా గంజి తాగుతున్నారు. తాగుబోతు సావాసగాడివని ఊరు ఉమ్మేస్తోంది. ఇంకా ఎన్నాళ్ళు? నువ్వు చెప్పవా? నేను చెప్తాను."

"మరిడీ! ఒట్టే!"

"ఒట్టేసింది నువ్వు. గోదారి నీళ్ళు దోసిట్లో పట్టి నువ్వేశావు. నేను వెయ్యలేదు." ఆమె అరుగు దగ్గరికి వచ్చి తలెత్తి చంద్రరావు మొహంలోకి చూసింది. "బాబుగారూ, మీ నాన్నగారు ఒక్క చుక్క కూడా తాగలేదండి. ఆయనకి కళ్ళు లేవండి."

చంద్రరావు అరుగు అంచుకి వచ్చాడు.

"ఏంటి వాగుతున్నావు?"

"వాగుడు కాదండి. మూడేళ్ళనించి చూపు తగ్గుతా వచ్చిందండి. యానాంలో ఫ్రెంచి దొర ఒకడు, కళ్ళ వైద్యుడు, ఆయన దగ్గరికి తీసుకెళ్ళేవాడండి మా ఆయన. పొరైతే కోసి తీస్తాను, ఇది లోపల నరమే చచ్చిపోతోంది, మందు లేదన్నాడంటండి. కిందటేడు దసరాలకే మొత్తం చీకటైపోయిందండి. దీపాలు తొక్కిన నాడు ఆయనకి దీపం వెలుగు కూడా తెలీదండి."

"అబద్ధం! ఇన్ని నెలలపాటు ఒక మనిషి గుడ్డివాడై ఇంట్లో తిరుగుతుంటే మాకు తెలియదా?"

ఆ మాటకి బుల్లియ్యే నెమ్మదిగా అన్నాడు.

"మెట్లు, గడపలు లెక్కెట్టుకునేవారండి. గట్టు మీద అడుగులు కూడానండి. రేవు దగ్గరికొచ్చేసరికి నేను తెడ్డుతో పడవ అంచు మీద కొట్టేవాణ్ణి. ఆ చప్పుడుని బట్టి దిగొచ్చేవారు. కార్తీక పున్నమి నాడు జనం గోలలో నా తెడ్డు చప్పుడు వినపళ్ళేదండి. అదండి జరిగింది."

తలుపు చాటున చిన్నమ్మాయి వెనక రాజరత్నం గొంతు వినిపించింది.

"అత్తయ్యగారూ, మావయ్యగారు మంచినీళ్ళు పోసుకునేటప్పుడు గ్లాసులో వేలు పెట్టుకునేవారు. నేను చూశాను. మడీ మైలా తెలియని మనిషనుకున్నాను. నీళ్ళు ఎంతవరకూ వచ్చాయో వేలికి తగిలితేగానీ తెలిసేది కాదా ఆయనకి?"

చిన్నమ్మాయి వెనక్కి తిరిగి నడవలోకి వెళ్ళింది. ఆయన మంచం దగ్గర మొదలై పెరటి తలుపు దాకా, తెల్లసున్నం గోడ మీద నడుమెత్తున, నల్లగా మాసిన చార ఒకటి ఉంది. సంక్రాంతికి వేయించిన సున్నం రెండు నెలలు తిరక్కుండానే మాసిందని పనిమనిషిని తిట్టింది ఆమె. ఇప్పుడు అరచెయ్యి ఆ చార మీద ఆనించి చూసుకుంది. మంచం నుంచి స్తంభం, స్తంభం నుంచి నీళ్ళకుండ, కుండ నుంచి తలుపు. ఎక్కడా తెగలేదు. రోజూ అదే చోట, అదే ఎత్తున రాసుకుంటూ పోయిన చెయ్యి.

పీట మీద కూర్చుని ఆయన ఉన్నావా అనడం చెవిలో వినిపించింది. అది వెటకారం కాదు. ఎదుట మనిషి ఉందో లేదో తెలియక అడిగారు. చీకట్లో కూర్చున్న మనిషికి తాను ఎనిమిది నెలలు జవాబివ్వకుండా నిలబడింది. కోపాన్ని చూపించానని అనుకుంది. ఆయనకి కోపం కనిపించలేదు, అసలు మనిషే లేకుండా పోయింది.

ఆ గోడని పట్టుకునే నేల మీదికి జారింది. గొంతులోంచి వచ్చిన కేక తనదేనని ఆమె గుర్తు పట్టలేకపోయింది. చంద్రరావు పరిగెత్తుకు వచ్చాడు. తల్లి గోడకి చెంప ఆనించి ఏడుస్తోంది. వాడూ ఆ చారని చూశాడు. వేలితో ముట్టుకుని, ఆ వేలి వంక చూసుకుంటూ నిలబడిపోయాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు చివరికి. "తాగాననైనా ఒప్పుకున్నారే! కళ్ళు లేవని చెప్పడానికేం?"

దానికి జవాబు చిన్నమ్మాయికి తెలుసు. ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

"మీ తాతగారు నువ్వు పుట్టకముందే పోయారు. ఆయనకీ చివర్లో కళ్ళు పోయాయి," అంది, వెక్కిళ్ళ మధ్య. "నూతిలో పడతారేమోనని, కాలవలో పడతారేమోనని మీ నాన్నే ఆయన నడుముకి తాడు కట్టి వసారా స్తంభానికి బిగించారు. ప్రేమతోనే కట్టారురా. నాలుగేళ్ళు ఆ తాడు పొడవే ఆయన లోకం. నేనే అన్నం తినిపించేదాన్ని. పోయే ముందు ఆ ముసలాయన 'ఒరే, ఒక్కసారి గట్టు మీదికి తీసుకెళ్ళరా' అన్నారు. అప్పుడు వాన. రేపు తీసుకెళతానన్నారు మీ నాన్న. ఆ రేపు రాలేదు."

గుమ్మంలో నిలబడ్డ బుల్లియ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"అదేనండి అమ్మగారూ. 'నిజం చెబితే మావాళ్ళు నన్ను కట్టేస్తార్రా బుల్లియ్యా, మంచివాళ్ళు గనక కట్టేస్తారు. తాగుబోతునంటే తిడతారుగానీ గోదారికి పోనిస్తారు' అనేవారండి. కళ్ళు పోయినాక కూడా తీతువు కూసినా, లకుముకి పిట్ట మునిగినా చెప్పేవారండి. నీటి వాసనని బట్టి ఎగువన వానలు పడ్డాయని చెప్పేవారు. పోయే మూడ్రోజుల ముందు, 'రేపు ఎర్రనీరు వచ్చేస్తుందిరా' అన్నారు. నిజంగానే వచ్చిందండి."

చంద్రరావు బయటికి నడిచాడు. గొడుగైనా తీసుకోలేదు. సాయంత్రానికి తెలిసింది, భీమరాజు గారింటికి వెళ్ళి తాళంచెవి అడిగి తెచ్చి, రేవులో బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ గొలుసు తానే విప్పాడట.

పదో రోజు వాన తెరిపిచ్చింది. రేవు నిండా జనం. బ్రాహ్మడు కర్మ చేయిస్తుండగా చంద్రరావు మధ్యలో లేచి నిలబడ్డాడు. తడి పంచె, గుండు చేయించుకున్న తల. కార్తీక పున్నమి నాడు నిలబడ్డ మెట్టే అది.

"పెద్దలందరికీ ఒక మాటండి," అన్నాడు. "ఇక్కడే, మీ అందరి ముందూ మా నాన్నగారిని తాగుబోతన్నాను. ఆయన తాగలేదండి. ఆయనకి కళ్ళు కనపడవు. కొడుకునై ఉండి నాకు తెలియలేదు. బుల్లియ్యకి తెలుసు. ఒట్టేసినందుకు పడవ పోయినా, కూడు పోయినా వాడు నోరు విప్పలేదు. ఆ పడవకి గొలుసు వేయించింది నేను." బుల్లియ్య వైపు తిరిగి చేతులు జోడించాడు. "అస్థికలు నీ పడవలోనే తీసుకెళ్ళాలి బుల్లియ్యా. కాదనకు."

చీర అంటుకున్న ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. భీమరాజు గారు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నారు.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చిన్నమ్మాయి చుట్టూ చేరారు. గాజులు చిట్లగొట్టాలి, అది ఆనవాయితీ. ఆమె చేతులు వెనక్కి లాక్కుని బుల్లియ్యని పిలిచింది.

"ఒక్కటి చెప్పు బుల్లియ్యా. దాచకు. ఆయనకి నా మీద కోపం ఉండేదా? నేను మాట్లాడనందుకు ఏమనేవారు?"

బుల్లియ్య నీళ్ళ వంక చూస్తూ చెప్పాడు.

"కోపం కాదండి. బెంగుండేదండి. అన్నం దగ్గర మీరు ఉన్నదీ లేనిదీ తెలీడం లేదనేవారు. తర్వాత ఓ రోజు నవ్వుకుంటా చెప్పారండి. 'కదిల్తే దాని గాజులు మోగుతాయిరా. అందుకని మజ్జిగ మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాను. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లు వస్తుంది. నేను మజ్జిగ తాగి తాగి జలుబు తెచ్చుకుంటున్నాను' అని."

నాలుగుసార్లు! ప్రతిసారీ విసురుగా వచ్చి, గిన్నె ఠక్కున పెట్టి, ఎంత తాగితే ఇంత దాహం వేస్తుందోనని మనసులో తిట్టుకుంటూ వెళ్ళేది. చిన్నమ్మాయి తన ముంజేతుల వంక చూసుకుంది. చేతికి డజను చొప్పున ఆకుపచ్చ గాజులు.

"ఎవరూ వీటిని పగలగొట్టకండి," అంది.

"అదేంటి వదినా, ఉంచుకోకూడదు!" అంది ఒకావిడ.

"ఉంచుకోను. నేనే తీస్తాను. చంద్రం, చెయ్యి ఇయ్యరా, పడవెక్కాలి."

ఆడవాళ్ళు అస్థికల వెంట వెళ్ళే ఆచారం లేదు. బ్రాహ్మడు ఏదో అనబోయి ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. చంద్రరావు తల్లిని రెండు చేతులతోనూ పట్టి పడవలో దింపాడు.

"ఆయన ఎక్కడ కూర్చునేవారు?" అని అడిగింది. బుల్లియ్య ముందరి అడ్డబల్ల చూపించాడు. ఆమె అక్కడ కూర్చుంది. ఎర్రని నీరు పడవ కింద బరువుగా కదులుతోంది. లంక దాటి నడిమి పాయలోకి వచ్చాక చంద్రరావు మట్టి ముంతని నీళ్ళలోకి వదిలాడు. వదిలిన చేతులు వెనక్కి తీసుకోలేక అలాగే ఉంచి, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

చిన్నమ్మాయి రెండు చేతుల గాజులూ ఒకసారి గలగలలాడించింది. తర్వాత ఒక్కొక్కటే తీసి, ముంత మునిగిన చోట వేసింది. అన్నీ అయ్యాక బోసి చేత్తో కొడుకు తల దగ్గరికి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఏడు నాన్నా, ఏడు," అంది. "ఆయనకి వినపడుతుందిలే."